గెడ్డ మీద స్వాగత తోరణం

మా అధినేతగారు ఒకసారి తప్పుడు ఊళ్లో దండ వేయించుకున్నారు. మా కష్టాలన్నీ అక్కణ్ణుంచి మొదలయ్యాయి.

అధికారంలోకి వచ్చిన కొత్తలో ఆయన ఏదో ఊరికి సభకని బయలుదేరితే, డ్రైవరు దారి తప్పి పక్క ఊళ్లో ఆపాడు. అక్కడివాళ్లు మేళాలతో మగపెళ్లివారి కోసం ఎదురుచూస్తున్నారు. కారు ఆగీ ఆగగానే దండ వేసేశారు, పన్నీరు చల్లేశారు, పళ్లెం పట్టుకొచ్చి కాళ్లు కడగడానికి సిద్ధమయ్యారు. "అయ్యా, పెళ్లికొడుకు వెనక బండిలో ఉన్నాడాండీ?" అని ఎవరో అడిగేదాకా ఆయన చేతులు జోడించి అభివాదం చేస్తూనే ఉన్నారు.

ఇంకొకరైతే డ్రైవర్ని మార్చేవారు. మా అధినేతగారు రాష్ట్రాన్నే మార్చాలనుకున్నారు. "ఊరికి వాకిలి లేకపోవడమే మన వెనకబాటుకి మూలకారణం" అని ప్రకటించారు. ప్రతి ఊరి పొలిమేరలో ఒక స్వాగత తోరణం కట్టాలన్నారు. దాని మీద ఊరి పేరు చిన్న అక్షరాలతో, వారి నాన్నగారు కీర్తిశేషులు పెద భూపతిగారి పేరు పెద్ద అక్షరాలతో ఉండాలి. పథకానికి 'ఊరూరా తోరణం' అని పేరు పెట్టి, రోడ్లకూ నూతులకూ వంతెనలకూ ఉన్న నిధులన్నీ అందులో కలిపేశారు. ఊరు ఎలా ఏడ్చినా, ఊళ్లోకి రావడం మాత్రం ఘనంగా ఉండాలని ఆయన పట్టుదల.

నేను గెడ్డవలస పంచాయతీ సెక్రెటరీని. గెడ్డ అంటే మా వైపు వాగు. మా ఊరికీ లోకానికీ మధ్య ఒక గెడ్డ ఉంది. ఎండాకాలంలో అది ఇసుక. వానాకాలంలో మనిషిని నిలబడనివ్వదు. ఆస్పత్రీ హైస్కూలూ బస్సూ అన్నీ అవతలి ఒడ్డున ఉన్నాయి. కిందటి వానల్లో మా సర్పంచి తోటికోడలికి నొప్పులొస్తే మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకెళ్లారు. పిల్లాడు గెడ్డ మధ్యలో పుట్టాడు. వాడికి గెడ్డరాజు అని పేరు పెట్టుకుని అందరం నవ్వుకుంటున్నాం. తల్లీబిడ్డా బతికారు కనుక నవ్వుకుంటున్నాం.

మా సర్పంచి గొర్లె హైమావతి. డిగ్రీ చదివింది. మా వైపు చాలా ఊళ్లలో సర్పంచి భార్య, సంతకం భర్తది. మా ఊళ్లో అలా కాదు, సంతకమూ ఆవిడదే, నోరూ ఆవిడదే. తోరణాల సమీక్షా సమావేశానికి మండల కార్యాలయానికి వెళ్లేనాటికి ఆవిడకి ఐదో నెల. లెక్క కడితే కాన్పు సరిగ్గా వానల్లో పడుతుంది.

సమావేశానికి తోరణాల ప్రత్యేకాధికారి త్రివిక్రమరావుగారు వచ్చారు. ఆయన ఇంట్లో కాఫీ కూడా సదరు కాఫీ అనే అడుగుతారని ప్రతీతి.

హైమావతి లేచి నిలబడింది. "అయ్యా, మాకు ఆర్చి వద్దండి, వంతెన కావాలండి. ఆషాఢం వచ్చిందంటే గెడ్డ దాటలేం. నా పరిస్థితి మీరూ చూస్తన్నారు కదా."

త్రివిక్రమరావుగారు ఆవిడ పరిస్థితి చూడకుండా పైకప్పు వైపు చూశారు. "సర్పంచిగారి గర్భము విషయమై ప్రభుత్వము సానుభూతితో ఉన్నది. అయితే వంతెన అను పద్దు ఈ సంవత్సరము మనుగడలో లేదు. సదరు గ్రామమునకు తోరణము మంజూరై యున్నది. దానిని సంతోషముతో స్వీకరించవలెను."

"సంతోషం లేకపోతేనండి?"

"సంతోషము తప్పనిసరి. మార్గదర్శకాలలో ఉన్నది."

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఆవిడ దారిలో వచ్చే ప్రతి తోరణాన్నీ తల తిప్పి చూస్తూ కూర్చుంది. ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. నేను ఆడవాళ్ల కన్నీళ్లనీ ఆడిట్ వాళ్ల ప్రశ్నల్నీ తట్టుకోలేను.

"సెక్రెటరీగారూ," అంది చివరికి. "ఆర్చి అంటే ఏటండి? రెండు కాళ్లు, పైనొక బల్ల. అంతే కదా?"

"అంతేనమ్మా."

"మరి వంతెనంటేనో?"

ఆలోచించాను. "రెండు కాళ్లు, పైనొక బల్ల."

"మరింకేటి!" అని ఆవిడ దారి పొడుగునా పాట పాడుకుంటూ వచ్చింది.

ఆ వారమే కొలతలకి ఏఈ పట్నాయక్ వచ్చాడు. పాపం, వంతెనలు కట్టడానికి చదువుకున్న మనిషి. పథకం మొదలైనప్పటి నుంచీ తోరణాలు కట్టీ కట్టీ అతని మొహంలో కళ పోయింది. హైమావతి అతన్ని గెడ్డ ఒడ్డుకి తీసుకెళ్లి నిలబెట్టింది.

"ఆర్చి ఎక్కడ కట్టాలని ఉందండి రూల్లో?"

"పొలిమేరలో. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు."

"మా పొలిమేర గెడ్డేనండి. ఒక కాలు ఈ ఒడ్డున, ఒక కాలు ఆ ఒడ్డున వేసీండి."

పట్నాయక్ గెడ్డని చూశాడు, ఆవిడని చూశాడు. "అలా కడితే దాని కింద నుంచి వచ్చేది నీళ్లు కదమ్మా. స్వాగతం ఎవరికి చెప్పినట్టు?"

"ఏటేటా పిలవకుండా మా ఊరికొచ్చేది అదేనండి. దానికే చెప్దాం."

పట్నాయక్ మొహంలోకి కళ తిరిగొచ్చింది. ఆ రాత్రి అన్నం కూడా తినకుండా గీశాడని వాళ్లావిడ తర్వాత నాతో చెప్పింది.

ఆ నమూనా పట్టుకుని ముగ్గురం త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టారు. "తోరణము పైభాగము ఇంత వెడల్పు ఏల?"

"పెద భూపతిగారి నిలువెత్తు ఫోటో పెట్టాలి కదండీ," అన్నాడు పట్నాయక్. "సన్న బల్ల మీద పెడితే గాలికి పడిపోతారు. ఆయన పడితే బాధ్యత ఎవరిదంటారో ఏమో."

త్రివిక్రమరావుగారు వెంటనే ఇంకో అడుగు పెంచమన్నారు. "మెట్లు ఏల?"

"జయంతికీ వర్ధంతికీ దండ వేయాలండి."

"రెండు వైపులా ఏల?"

"దండకి రెండు కొసలుంటాయి కదండీ," అంది హైమావతి.

ఆయన కాసేపు దండ గురించి ఆలోచించి తలాడించారు. "ఈ రెయిలింగు?"

"దండ వేసేది తమరేనండి," అన్నాను నేను. రెయిలింగు ఎత్తు పెంచమని రాసి సంతకం పెట్టారు.

వానలు పడకముందే తోరణం లేచింది. రాష్ట్రంలో అంత పొడుగు తోరణం ఇంకెక్కడా లేదు. ఊరంతా దాని మీద నడిచారు. హైమావతి అత్తగారు సింహాద్రమ్మ పని లేకపోయినా రోజూ సాయంత్రం అటూ ఇటూ తిరిగి, "ఎంత సుకంగా ఉందర్రా!" అని వచ్చేది.

ఆ సుఖమే మా కొంప ముంచింది. పార్టీ కార్యకర్త ఒకడు గెడ్డలో నిలబడి ఫోనుతో ఫోటో తీశాడు. ఫోటోలో పైన సింహాద్రమ్మ కాళ్లు, కింద పెద్ద అక్షరాలతో పెద భూపతిగారి పేరు. అది రాజధాని దాకా వెళ్లింది. త్రివిక్రమరావుగారు ఒక హెడ్ కానిస్టేబులుతో, ఒక బోర్డుతో దిగారు.

'ఇది తోరణము. దీనిపై నడుచుట మహనీయుని కించపరచుట యగును. గ్రామస్థులు తోరణము క్రిందుగా మాత్రమే రాకపోకలు సాగించవలెను.'

"కిందన గెడ్డ కదా బాబూ," అంది సింహాద్రమ్మ. "నీళ్లల్లో దిగి నడవమంతావేటి?"

"నీరు నీటిపారుదల శాఖ పరిధిలోనిది. మా పరిధి తోరణము వరకే. ఇంతకూ మహనీయుని పేరుపై కాలు మోపినది నీవేనా?"

"నాకేటి తెల్సును బాబూ, కింద ఆ బాబు పేరున్నాదని. నాకు సదువొచ్చేటి? నన్ను బళ్లో ఏసుంటే తొక్కుదునేటి?"

దానికి ఆయన దగ్గర మార్గదర్శకం లేదు. అందుకని కేసు వదిలేసి, రెండు వైపులా మెట్లకి ఇనప గేట్లు పెట్టించి తాళాలు వేయించారు. కాపలాకి హెడ్ కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు.

నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. గెడ్డ మీద వంతెన ఉంది, ఊళ్లో నిండు గర్భిణి ఉంది, మధ్యలో ఒక తాళం ఉంది. నా ఉద్యోగంలో ఎన్నో వెర్రి ఉత్తర్వులు చూశాను, చాలావాటిని నేనే చాటింపు వేయించాను కూడా. కానీ ఈ తాళం చూసినప్పుడల్లా గెడ్డ మధ్యలో ఆగిపోయిన ఆ మంచం గుర్తొచ్చి ఒళ్లు మండిపోయేది.

"ముందుగానే పుట్టింటికి వెళ్లిపోమ్మా, మీవాళ్లది అవతలి ఒడ్డే కదా," అన్నాను హైమావతితో.

"నేనెళ్లిపోతే ఆ తాళం అలాగే ఉండిపోద్దండి. అయినా నేనొక్కదాన్నేనా? కొండవీధిలో ఇంకో ఇద్దరున్నారు కడుపుతోటి. ఆలకి అవతలొడ్డున పుట్టిల్లు కూడా లేదు."

అంత పొడుగు తోరణం కనుక ప్రారంభోత్సవానికి స్వయంగా అధినేతగారే వచ్చారు. ఆషాఢం చివర. హెలికాప్టరు అవతల హైస్కూలు మైదానంలో దిగింది. గెడ్డలో ఇంకా పాదం మునిగేటన్ని నీళ్లే. ఉత్తర్వు ప్రకారం ఆయన తోరణం కిందుగా జీపులో గెడ్డ దాటి, మధ్యలో రిబ్బను కత్తిరించి, మా ఊళ్లో వేదిక ఎక్కారు. నెలలు నిండిన హైమావతి శాలువా కప్పింది. కొండల మీద మాత్రం నల్లగా మబ్బు మూసుకుని ఉంది.

"ప్రతిపక్షాలు అడుగుతున్నాయి, వంతెనలేవీ అని!" అన్నారు అధినేతగారు మైకులో. "వంతెన ఏం చేస్తుంది? మనిషిని ఊరి నుంచి బయటికి పంపేస్తుంది. తోరణం ఏం చేస్తుంది? మనిషిని ఊళ్లోకి పిలుస్తుంది. పిలిచేది గొప్పా? పంపేది గొప్పా? మీరే చెప్పండి!"

కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగాక కూడా చప్పుడు ఆగలేదు. అందరం వెనక్కి తిరిగి చూశాం. కొండల్లో కురిసిన వాన ఎర్రటి నీళ్లై వచ్చేసింది. చూస్తుండగానే గెడ్డ ఒడ్డుల దాకా నిండింది. ఉత్తర్వు ప్రకారం స్వాగత తోరణం కిందుగా మా ఊళ్లోకి ప్రవేశించిన రెండో అతిథి అది.

అప్పుడే హైమావతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సెక్రెటరీగారూ, మొదలయ్యాయండి."

నేను వేదిక మీదికి పరిగెత్తి త్రివిక్రమరావుగారికి చెప్పాను. ఆయన నా మాట వినిపించుకునే స్థితిలో లేరు. అధినేతగారు ఆయన్ని నిలదీస్తున్నారు. సాయంత్రానికి రాజధానిలో అతి ముఖ్యమైన సమావేశం ఉందట. రాష్ట్రంలోని తోరణాలన్నిటికీ గంధం రంగు వేయాలా, మీగడ రంగు వేయాలా అన్నది అక్కడ తేలాలి.

"తోరణం మీంచి వెళ్లిపోవచ్చు కదండీ," అన్నాను.

"మా నాన్నగారి పేరు మీద నేను నడవనా? కెమెరాల ముందా?" అన్నారు అధినేతగారు.

త్రివిక్రమరావుగారు కళ్లు మూసుకుని, తెరిచి, వేదిక వెనకాల షామియానా గుడ్డ పీకించారు. నలుగురు కార్యకర్తలు దాన్ని తోరణానికి అటూ ఇటూ వేలాడదీసి పేరు కప్పేశారు. ఆయన మైకు అందుకున్నారు. "పేరు కనబడనంతసేపు సదరు కట్టడమును వంతెనగా భావించవలెను. ఈ భావన అధినేతగారు దాటువరకే అమలులో ఉండును."

తాళం తీశారు. మా వాళ్లు అప్పటికే హైమావతిని మంచం మీద పడుకోబెట్టి మెట్ల దగ్గరికి తెచ్చేశారు.

"ముందు ఆవిణ్ణి పోనివ్వండి," అన్నాను. ఉద్యోగం మాట నాకు ఆ క్షణంలో గుర్తులేదు.

"ప్రోటోకాల్ అంగీకరించదు. అధినేతగారు దాటిన పిమ్మట భావన రద్దగును."

హైమావతి నొప్పికీ నొప్పికీ మధ్య తలెత్తింది. "అయ్యా, అతిథిని పొలిమేర దాకా సాగనంపడం సర్పంచి పనా కాదాండి?"

"అవును. ప్రోటోకాల్‌లో ఉన్నది."

"మా పొలిమేర ఆ ఒడ్డేనండి," అంది. మంచం లేచింది.

అలా ముందు అధినేతగారు, వెనక మంచం బయల్దేరారు. సగం దూరం సజావుగా సాగింది. మధ్యలో నాన్నగారి నిలువెత్తు ఫోటో రాగానే ఆయన ఆగిపోయారు. నమస్కారం పెట్టారు. కెమెరా అతను అటువైపు నుంచి ఇంకోటి అన్నాడు. ఆయన అటు తిరిగి పెట్టారు. కళ్లు తుడుచుకుంటే బాగుంటుందన్నాడు. ఆయన జేబురుమాలు వెతుక్కుంటున్నారు. వెనక మంచం మీద హైమావతి పళ్లబిగువున అరుపు ఆపుకుంటోంది, మోసేవాళ్లు భుజాలు మార్చుకుంటున్నారు, కింద గెడ్డ హోరుమంటోంది.

"ఒరే బాబూ!" అని సింహాద్రమ్మ కేక పెట్టింది. "మీ అయ్యకి దండాలు తరవాతెట్టుకుందువు గానీ, దారియ్యి! నా కోడలు సచ్చిపోతంది!"

అధికారంలోకి వచ్చాక ఆయనతో దారి ఇమ్మని అన్నవాళ్లు లేరు. ఏం చెయ్యాలో తోచక ఆయన పరిగెత్తారు. వెనకే మంచం పరిగెత్తింది, దాని వెనక నేను, నా వెనక భావన రద్దవుతుందేమోనని ఊళ్లో సగం మంది.

అవతలి ఒడ్డున ఆయన కాన్వాయి ఉంది. అందులో ఒక అంబులెన్సు ఎప్పుడూ ఉంటుంది, ఆయన కోసం. ఆయన ఆరోగ్యంగా ఉండటం వల్ల ఖాళీగా ఉంది. సింహాద్రమ్మ ఎవరినీ అడగలేదు. తలుపు తీసి కోడల్ని ఎక్కించి, తనూ ఎక్కి, "పోనీయ్" అంది. డ్రైవరు ఆవిడ మొహం చూసి పోనిచ్చాడు. ఆస్పత్రికి చేరిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విని నేను తోరణం మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. హెడ్ కానిస్టేబులు నా భుజం తట్టి, కళ్లు తుడుచుకుని, గేటుకి తాళం వేసుకున్నాడు.

జరిగినదానిపై రాజధానిలో ఉన్నతస్థాయి సమీక్ష జరిగింది. ఇక బోర్డు తీసేస్తారని పట్నాయక్ ఆశపడ్డాడు. నేను పడలేదు. అధినేతగారు స్వయంగా కారణం కనిపెట్టారు. "వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ ఒకే తోరణం ఉండటం వల్లే తొక్కిసలాట జరిగింది. వచ్చేవాళ్లకి స్వాగత తోరణం ఉంది. మరి పోయేవాళ్లకి మర్యాద ఏది? గెడ్డవలసకి తక్షణం వీడ్కోలు తోరణం మంజూరు చేయండి!"

పట్నాయక్ ఈసారి దాన్ని మొదటి తోరణం పక్కనే, ట్రాక్టరు పట్టేంత వెడల్పుగా గీశాడు. మెట్లకి బదులు వాలు పెట్టాడు. పోయేవాళ్లకి సామాన్లు ఎక్కువ ఉంటాయని రాశాడు. అన్నీ ఒప్పుకున్నారు.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. దాని మీద ఎవరి పేరు పెట్టాలి? త్రివిక్రమరావుగారు భక్తిగా అధినేతగారి పేరే ప్రతిపాదించారు. ఏడాదిలో ఎన్నికలున్నాయి. వీడ్కోలు అన్న మాట పక్కన తన పేరు చూసుకుని అధినేతగారు మంచినీళ్లు అడిగారట. నాన్నగారికి మళ్లీ వీడ్కోలు చెప్పడం బాగోదన్నారు. మంత్రిగారిని అడిగితే తనకంత అర్హత లేదన్నారు. ఎమ్మెల్యేగారు ఫోను ఎత్తడం మానేశారు. బతికున్న నాయకుడెవడూ ఆ గౌరవానికి ముందుకు రాలేదు. ప్రతిపక్ష నాయకుడి పేరు పెడదామని ఎవరో అంటే, మన డబ్బుతో వాడి పేరా అని కసిరారు.

చివరికి ఏ పేరూ లేకుండా ఉత్త 'వీడ్కోలు' అని రాసి వదిలేశారు. పేరు లేదు కనుక కించపడేవాళ్లు లేరు. కించపడేవాళ్లు లేరు కనుక బోర్డు లేదు, గేటు లేదు, తాళం లేదు. కార్తీకంలో హైమావతి పుట్టింటి నుంచి పిల్లనెత్తుకుని దాని మీద నడిచి వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగి కిందికి చూసింది. "మన వంతెనే తల్లీ," అని పిల్లతో అంది. కొండవీధి ఇద్దరు ఆడవాళ్లూ అప్పటికే దాని మీంచే ఆస్పత్రికెళ్లి పిల్లలతో తిరిగొచ్చేశారు.

మళ్లీ వానలకి ఎన్నికలు వచ్చాయి. అధినేతగారు ఓట్లకి మా ఊరు వచ్చారు. హెలికాప్టరు హైస్కూలు మైదానంలో దిగింది. ఆయన గెడ్డ ఒడ్డు దాకా వచ్చి ఆగారు. గెడ్డ పొంగి ఉంది. ఎదురుగా రెండు తోరణాలు. ఒకదాని మీద నడిస్తే నాన్నగారి పేరు మీద నడిచినట్టు. రెండోదాని మీద అడుగుపెడితే, ఎన్నికల ముందు, కెమెరాల సాక్షిగా, వీడ్కోలు. ఆయన ఒక కాలు ఎత్తి, త్రివిక్రమరావుగారి వైపు చూసి, దించేశారు. ఈసారి షామియానా కూడా లేదు.

ఇక చేసేది లేక ఆ ఒడ్డునే నిలబడి మైకులో ప్రసంగించారు. గెడ్డ హోరులో మాకు ఒక్క ముక్క వినబడలేదు. మర్యాదకి ఊరంతా ఈ ఒడ్డున నిలబడ్డాం. ఆయన చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. ఘనస్వాగతం పలికారని మర్నాడు వాళ్ల పార్టీ పత్రిక రాసింది.

హైమావతి చంకలో పిల్ల మాత్రం అందరికంటే ఎక్కువసేపు ఊపింది. దానికప్పటికి ఒక్క మాటే వచ్చు. హెలికాప్టరు లేచి కొండ దాటేదాకా అదే అంది.

"టాటా."